దూర సముద్రయానానికి వెళ్లే కుటుంబ పడవలో ఎలక్ట్రానిక్ పరికరాలు అమర్చుకోవడం ఎలా?

హుస్సేన్‌సాగర్‌లో లేజర్ అనే చిన్న తెరచాప పడవను నడపడం నేర్చుకున్న వారికి ఎలక్ట్రానిక్ పరికరాల అవసరం ఎప్పుడూ రాదు. ఎటు తిరిగినా బుద్ధ విగ్రహమో, ట్యాంక్‌బండ్ మీది దీపాలో కనిపిస్తూనే ఉంటాయి. గాలి పడిపోతే రక్షణ పడవ వచ్చి తాడు కట్టి ఒడ్డుకు లాక్కుపోతుంది. విశాఖపట్నం నుంచి ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్‌బ్లెయిర్‌కు సుమారు 650 నాటికల్ మైళ్లు (ఒక నాటికల్ మైలు 1.85 కిలోమీటర్లు; ఈ వ్యాసంలో మైళ్లన్నీ అవే). గంటకు 5 మైళ్ల చొప్పున సాగే తెరచాప పడవలో భార్యాపిల్లలతో ఆ దూరం దాటాలంటే ఐదారు రోజులు పడుతుంది. ఆ ఐదారు రోజులూ పడవను నడిపేది మీరే, రాత్రి కాపలా కాసేది మీరే, తీగ తెగితే అతికించేది కూడా మీరే. ఈ వ్యాసం 35 నుంచి 45 అడుగుల పొడవున్న పడవను, అందులోని 12 వోల్టుల విద్యుత్ వ్యవస్థను దృష్టిలో పెట్టుకుని రాసినది.

మా పడవ కొచ్చి మరీనాలో ఉంటుంది, మేము సికింద్రాబాద్‌లో ఉంటాము. సముద్రం లేని ఊళ్లో ఉండటం ఈ పనికి ఒక విధంగా కలిసివచ్చిందనే చెప్పాలి. పడవలో తల వంచుకుని, చెమట కారుస్తూ, జారిపడిన స్క్రూ కోసం అడుగుభాగంలో చెయ్యి పెట్టి వెదుక్కుంటూ చేయవలసిన పనిలో ముప్పాతిక భాగం ఇంట్లో ఫ్యాను కింద, డైనింగ్ టేబుల్ మీద చేసుకోవచ్చు. మీరు ఏ పరికరం కొన్నా, దానిని పడవకు చేర్చే ముందు ఇంట్లో మిగిలిన వాటితో కలిపి కనీసం రెండు వారాలు నడిపించండి. ఇంట్లో మీ తరువాత దానిని ఎవరు వాడాలో వారి చేత కూడా నడిపించండి.

ముందుగా కరెంటు లెక్క

పరికరాల జాబితా రాసుకోవడంతో మొదలుపెట్టే వారే ఎక్కువ. మీరు మాత్రం ఒక నోటు పుస్తకం తీసి, ఒక్కొక్క వస్తువు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుంది, రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది అన్నది రాసి గుణించండి; వచ్చేది ఆంపియర్ అవర్లు. మా లెక్క ఇలా వచ్చింది. చుక్కానిని తనంతట తానే పట్టే ఆటోపైలట్ సగటున 4 ఆంపియర్ల చొప్పున 24 గంటలకు 96 ఆంపియర్ అవర్లు, ఫ్రిజ్‌కు 60, సముద్రపు పటం మీద పడవ ఉన్న చోటు చూపే తొమ్మిది అంగుళాల చార్ట్‌ప్లాటర్‌కు 29, రాడార్‌ను రాత్రిపూట ఎనిమిది గంటలు వేస్తే 16, ఫోన్లు, ట్యాబ్లెట్లు కలిపి 15, ఓడలతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో వింటూ ఉండటానికి 12, ఫ్యాన్లకు 12, దీపాలకు 9, లోతు, గాలి చూపే మీటర్లకు 8, చుట్టుపక్కల ఓడల పేరు, చోటు తెర మీద చూపే ఏఐఎస్‌కు 7. మొత్తం 264. దీనిని ఇంటి కరెంటు బిల్లు భాషలో చెప్పుకుంటే రోజుకు దాదాపు 3.4 యూనిట్లు, నెలకు వంద యూనిట్లు. మన వైపు ఒక చిన్న కుటుంబం ఇంట్లో వాడే కరెంటుకు ఇది పెద్దగా తీసిపోదు, కానీ పడవకు వీధి స్తంభం నుంచి తీగ రాదు.

ఈ లెక్క చూశాక కొన్ని కోరికలు వాటంతట అవే తగ్గిపోతాయి. మా జాబితాలో మొదట ఉన్న మైక్రోవేవ్ ఓవెన్, పెద్ద టీవీ ఆ పుస్తకంలో మూడో పేజీ దాటలేదు.

రోజుకు 264 ఖర్చయితే, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు 400 ఆంపియర్ అవర్లు ఉండాలి. వాటిలో 80 శాతం వరకు నిశ్చింతగా వాడుకోవచ్చు కాబట్టి, ఒక రోజంతా మబ్బు పట్టినా గడుస్తుంది. పాత రకం లెడ్ యాసిడ్ బ్యాటరీలైతే సగానికి మించి వాడకూడదు కనుక 600కు పైగా కావాలి. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 30 కిలోలు ఉంటుంది, అదే సామర్థ్యం గల లిథియం బ్యాటరీ 11 నుంచి 13 కిలోలు ఉంటుంది. ధర ఎక్కువే అయినా నేను ఇక్కడ లిథియం వైపే మొగ్గుతాను. అయితే ఇంజిన్ స్టార్ట్ చేయడానికి విడిగా ఒక లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉండాలి, దానిని ఇంకే పనికీ వాడకూడదు. ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ను లిథియం బ్యాటరీకి నేరుగా కలపకండి. ఆ బ్యాటరీ ఎంత ఇస్తే అంత లాక్కుంటుంది కాబట్టి ఆల్టర్నేటర్ కాలిపోయేంత వేడెక్కుతుంది. పైగా బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ హఠాత్తుగా తెగితే ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. స్టార్టింగ్ బ్యాటరీకి, లిథియం బ్యాటరీకి మధ్య 30 ఆంపియర్ల డీసీ టు డీసీ ఛార్జరు (కరెంటును హద్దులో ఉంచి ఒక బ్యాటరీ నుంచి మరొకదానికి పంపేది) పెడితే రెండు బెడదలూ తీరతాయి.

బ్యాటరీలను హైదరాబాద్‌లో కొని విమానంలో తీసుకువెళ్లవచ్చని అనుకోకండి. ప్రయాణికుల విమానంలో 160 వాట్ అవర్లు మించిన లిథియం బ్యాటరీని సామానుగా అనుమతించరు, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒక్కటే 1,280 వాట్ అవర్లు ఉంటుంది. రోడ్డు మార్గాన పార్సిల్‌లో పంపించడమో, పడవ ఉన్న ఊళ్లోనే కొనడమో చేయాలి.

సోలార్ విషయంలో ప్యానెల్ మీద రాసిన వాట్లను నమ్మి లెక్క వేయకండి. 800 వాట్ల ప్యానెళ్లు ఎండాకాలంలో రోజుకు ఐదు గంటలు బాగా పనిచేస్తాయనుకున్నా, వేడి, ఉప్పు పొర, తెరచాప నీడ కలిసి మూడో వంతు తినేస్తాయి. చేతికి వచ్చేది సుమారు 200 ఆంపియర్ అవర్లు. ప్యానెళ్లను వరుసగా కలిపితే ఒక్కదాని మీద బూమ్ (తెరచాప అడుగు అంచున ఉండే కమ్మి) నీడ పడినా మొత్తం వరుస దెబ్బ తింటుంది. అందువల్ల ఎడమ, కుడి పక్కల ప్యానెళ్లకు విడివిడి ఎంపీపీటీ కంట్రోలర్లు (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ కరెంటు రాబట్టి బ్యాటరీకి అందించే పెట్టెలు) పెట్టండి. మిగిలిన 60 ఆంపియర్ అవర్ల లోటును రోజుకు రెండు గంటలకు పైగా ఇంజిన్ నడిపి పూడ్చుకోవాలి, లేదా రాడార్, ఫ్రిజ్ వాడకం తగ్గించుకోవాలి.

తీగలు

పడవలో చెడిపోయే పరికరాలు తక్కువ, వాటికి కరెంటు తీసుకువెళ్లే తీగలు చెడిపోవడమే ఎక్కువ. ఇళ్లకు వాడే మామూలు రాగి తీగ ఉప్పుగాలికి ఏడాది తిరిగేసరికి లోపలి నుంచి నల్లబడిపోతుంది. పైన ప్లాస్టిక్ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, కోసి చూస్తే పోగులు మసి పట్టినట్లుంటాయి. టిన్ పూత ఉన్న, ఎక్కువ పోగులున్న రాగి తీగనే వాడండి. రాణిగంజ్‌లో లగ్గులు (తీగ చివర బిగించే లోహపు ముక్కలు), వాటిని నొక్కి బిగించే క్రింపింగ్ పనిముట్లు, వేడికి ముడుచుకునే ష్రింక్ స్లీవ్‌లు అన్నీ దొరుకుతాయి. కనెక్టర్లు, ఫ్యూజు హోల్డర్లు, మల్టీమీటర్ల వంటి చిన్న సామాగ్రికి కోఠిలోని గుజరాతీ గల్లీ ఉంది. టిన్ పూత తీగ కొనేటప్పుడు మాత్రం దుకాణం వారి మాట మీద ఆధారపడక, ఒక అంగుళం ముక్క కోయించి పోగులన్నీ వెండిలా తెల్లగా ఉన్నాయో లేదో చూసుకోండి.

తీగ మందాన్ని అంచనాగా ఎంచుకోకూడదు. ముఖ్యమైన పరికరాలకు తీగలో పోయే వోల్టేజీ 3 శాతం మించకూడదు. ఉదాహరణకు ఆటోపైలట్ మోటారు బలంగా తిరిగేటప్పుడు 15 ఆంపియర్లు తీసుకుంటుందని, బ్యాటరీ నుంచి దానికి 6 మీటర్ల దూరం ఉందని అనుకోండి. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కనుక తీగ పొడవు 12 మీటర్లు. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే సుమారు అర వోల్టు, అంటే 4.4 శాతం దారిలోనే పోతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 2.6 శాతంతో సరిపోతుంది. కెరటాలు పెరిగిన రాత్రి ఆటోపైలట్ ఉన్నట్టుండి ఆగిపోయిందని చెప్పుకునే అనేక సందర్భాలకు మూలం ఈ సన్నపాటి తీగే.

బ్యాటరీ ధనాగ్రం నుంచి 18 సెంటీమీటర్ల లోపు, అంటే జానెడు కన్నా తక్కువ దూరంలోనే ప్రధాన ఫ్యూజు ఉండాలి. లిథియం బ్యాటరీలకు క్లాస్ టీ రకం ఫ్యూజు పెట్టండి. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు వాటి నుంచి ఒక్కసారిగా దూసుకువచ్చే కరెంటును మామూలు ఫ్యూజు తెంచలేకపోవచ్చు. తీగల చివర్లకు సోల్డరింగ్ మాత్రమే చేసి వదలకండి. పడవ కుదుపులకు సోల్డరు ముగిసే చోట తీగ పెళుసై విరుగుతుంది. క్రింప్ చేసి, లోపల జిగురు ఉన్న ష్రింక్ స్లీవ్ వేసి, ప్రతి తీగకూ రెండు చివర్లా అంకె అతికించి, ఆ అంకెను నోటు పుస్తకంలో రాయండి.

ప్రాణం కాపాడేవి

మొదట కొనవలసింది చార్ట్‌ప్లాటర్ కాదని నా గట్టి అభిప్రాయం. వరుసలో ముందు 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ రేడియో, ఆ తరువాత ఈపర్బ్ (ఆపదలో ఉపగ్రహాలకు సంకేతం పంపే చిన్న పరికరం), ఆ పైన ఏఐఎస్ రావాలి.

వీహెచ్‌ఎఫ్ రేడియోలో డీఎస్‌సీ (బటన్ నొక్కితే ఆపద సందేశాన్ని తనంతట తానే పంపే) సౌకర్యం తప్పనిసరి. దానిలో మూత కింద ఉండే ఎర్ర బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే, మీ పడవ తొమ్మిది అంకెల ఎంఎంఎస్‌ఐ గుర్తింపు సంఖ్య, మీరున్న చోటు 70వ ఛానల్ మీద చుట్టుపక్కల ఓడలన్నిటికీ వెళతాయి. తరువాత 16వ ఛానల్‌లో ‘మేడే’ అనే ఆపద పిలుపుతో మొదలుపెట్టి నోటితో చెప్పాలి. ఈ రేడియోకు లైసెన్సు అవసరం, ఎంఎంఎస్‌ఐ సంఖ్య పడవ ఏ దేశపు జెండా కింద నమోదైందో ఆ దేశం ఇస్తుంది. భారతదేశపు సంఖ్యలు 419తో మొదలవుతాయి. ఆ సంఖ్యను రేడియోలో ఎక్కించి, రేడియోకు జీపీఎస్ సంకేతం అందుతున్నదో లేదో స్వయంగా చూసుకోండి. ఈ రెండూ చేయని ఎర్ర బటన్‌తో ఉపయోగం చాలా తక్కువ.

వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపు ఆనినంత దూరమే పోతాయి. యాంటెన్నా మీ మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం) కొనన 15 మీటర్ల ఎత్తున, ఎదుటి ఓడ యాంటెన్నా 25 మీటర్ల ఎత్తున ఉంటే 19, 20 మైళ్లు అందుతుంది. అయితే మాస్ట్ పై వరకు వెళ్లే కేబుల్ ఆర్‌జీ 58 రకం సన్నదైతే 20 మీటర్ల పొడవులో సగానికి పైగా శక్తి కేబుల్‌లోనే ఆవిరైపోయి, 25 వాట్లలో 10 వాట్లే పైకి చేరతాయి. ఆర్‌జీ 213 వేస్తే 16 వరకు చేరతాయి. కేబుల్ లావుగా ఉంటుంది, మాస్ట్ లోపలి నుంచి లాగడం ఒక పూట పని. ఆ పూట కష్టపడండి.

ఏఐఎస్‌కు విడిగా ఇంకొక యాంటెన్నాను పడవ వెనుక రెయిలింగ్ మీద పెట్టండి. దీనికి కారణం చెప్పాలంటే 2018 సెప్టెంబరు సంగతి గుర్తు చేయాలి. ప్రపంచాన్ని చుట్టివచ్చే గోల్డెన్ గ్లోబ్ పడవ పందెంలో ఒంటరిగా వెళుతున్న మన నౌకాదళ అధికారి అభిలాష్ టామీ పడవ ‘తురియ’ దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకు తిరగబడి, దాని మాస్ట్ విరిగిపోయింది. వెన్నుకు దెబ్బ తగిలి లేవలేని స్థితిలో ఆయన చిన్న ఉపగ్రహ సందేశ పరికరంతో ఆ సంగతి తెలియజేశారు, ఈపర్బ్ ఆయన జాడ తెలిపింది. సెప్టెంబరు 24న ఫ్రాన్సుకు చెందిన ‘ఒసిరిస్’ నౌక ఆయనను రక్షించింది. మాస్ట్ పోతే దాని కొనన ఉన్న యాంటెన్నా కూడా పోతుంది. వెనుక రెయిలింగ్ మీది యాంటెన్నా తీగను అప్పుడు వీహెచ్‌ఎఫ్ రేడియోకు మార్చుకోవచ్చు. ఆ మార్చే కనెక్టరు ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

ఈపర్బ్ 406 మెగాహెర్ట్జ్ మీద కోస్పాస్ సర్సాట్ ఉపగ్రహాలకు సంకేతం పంపుతుంది, కనీసం 48 గంటలు పనిచేస్తుంది. మన దేశంలో ఆ సంకేతాలను బెంగళూరులోని ఇస్రో కేంద్రం అందుకుని తీర రక్షక దళానికి చేరవేస్తుంది. ప్రతి ఈపర్బ్ మీద 15 అక్షరాల గుర్తింపు కోడ్ ఉంటుంది. దానిని మీ పేరుతో, పడవ పేరుతో, ఒడ్డున ఉండే ఇద్దరు బంధువుల ఫోన్ నంబర్లతో నమోదు చేయాలి. ఆ ఇద్దరికీ మీ ప్రయాణ దారి తెలిసి ఉండాలి. సహాయ కేంద్రం వారు ముందు ఫోన్ చేసేది వారికే. మీరు ఊళ్లోనే ఉన్నారనుకుంటున్నామని వారు చెబితే విలువైన సమయం వృథా అవుతుంది. తీరం దగ్గర ఫోన్ సిగ్నల్ ఉన్నంత వరకు తీర రక్షక దళం నంబరు 1554 కూడా పనికివస్తుంది. ఈపర్బ్‌ను పరీక్షించాలంటే సెల్ఫ్ టెస్ట్ బటన్ మాత్రమే నొక్కండి. ‘ఒకసారి వేసి చూద్దాం’ అని నిజంగా ఆన్ చేస్తే ఎక్కడో హెలికాప్టరు బయలుదేరవచ్చు.

ఏఐఎస్‌లో వినడమే కాక మీ ఉనికిని ప్రసారం చేసే రకం తీసుకోండి. క్లాస్ బి పరికరాల్లో 2 వాట్లవి, 5 వాట్లవి ఉన్నాయి. 2 వాట్లది అర నిమిషానికి ఒకసారి మీ చోటు చెబుతుంది, 5 వాట్లది వేగాన్ని బట్టి ఇంకా తొందరగా చెబుతుంది. ధరలో తేడా కొద్దిగానే కనుక రెండోదే మేలు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. మన తీరంలో రాత్రిపూట ఎదురయ్యే నాటు పడవల్లో చాలావాటికి ఏఐఎస్ ఉండదు, చెక్క పడవలు రాడార్‌లో కూడా సరిగ్గా కనిపించవు. వల చివర మిణుకుమిణుకుమనే చిన్న దీపం ఒక్కటే గుర్తు. తెర మీద ఖాళీగా ఉన్నంత మాత్రాన సముద్రం ఖాళీగా ఉన్నట్లు కాదని కాపలా కాసే ప్రతివారికీ చెప్పి ఉంచండి.

పిల్లల లైఫ్‌జాకెట్లలో ఏఐఎస్ బీకన్లు పెట్టించండి. నీళ్లలో పడితే జాకెట్ ఉబ్బగానే అది తెరుచుకుని, మీ ప్లాటర్ తెర మీద 972తో మొదలయ్యే సంఖ్యతో మెరుస్తుంది, అలారం మోగుతుంది. కుటుంబంతో వెళ్లేవారు రాడార్‌కన్నా ముందు వీటికి డబ్బు కేటాయించాలంటాను.

దారి చూపేవి, చుక్కాని పట్టేవి

చార్ట్‌ప్లాటర్ ఏ కంపెనీదైనా ఫరవాలేదు, ఎండలో తెర కనిపించాలి, తడి చేతులతో పనిచేయడానికి బటన్లు ఉండాలి. దాని మీద పెట్టుకునే నమ్మకం గురించే హెచ్చరించాలి. 2014 నవంబరు 29న వోల్వో ఓషన్ రేస్ అనే పడవ పందెంలో పాల్గొంటున్న ‘టీమ్ వెస్టాస్ విండ్’ పడవ మారిషస్‌కు ఈశాన్యాన ఉన్న కార్గడోస్ కరాజోస్ పగడపు దిబ్బల మీదికి పూర్తి వేగంతో ఎక్కింది. వారు చూసిన ఎలక్ట్రానిక్ పటాన్ని తగినంత దగ్గరకు జూమ్ చేయకపోవడంతో ఆ దిబ్బలు వారికి కనిపించలేదు. వారు వృత్తి నావికులు. అందువల్ల దారి గీసిన తరువాత మొదటి నుంచి చివరి వరకు దగ్గరి జూమ్‌లో వేలితో జరుపుతూ ఒకసారి చూడండి, ఇంట్లో రెండో వ్యక్తి చేత మరొకసారి చూపించండి. డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు ప్రచురించే పటాలలో మీ దారికి సంబంధించిన పెద్ద స్కేలు కాగితపు పటాలు రెండు మూడైనా పడవలో ఉండాలి. విడి బ్యాటరీలతో నడిచే చేతి జీపీఎస్ ఒకటి వేరుగా ఉంచండి. పర్షియన్ గల్ఫ్, ఎర్ర సముద్రం వైపు జీపీఎస్ సంకేతాలకు కావాలని అడ్డుపడటం ఇటీవల మామూలైంది కాబట్టి, అటు వెళ్లేవారు గంటకోసారి చోటును కాగితం మీద గుర్తు పెట్టే అలవాటు మానకూడదు.

లోతు చూపే ట్రాన్స్‌డ్యూసర్ పడవ అడుగున ఎక్కడుందో కొలిచి, కీల్ (పడవ అడుగున కిందికి దిగి ఉండే బరువైన రెక్క) అంచు వరకు ఉన్న తేడాను పరికరంలో ఎక్కించండి. తెర మీది అంకె నీటి లోతా, కీల్ కింద మిగిలిన లోతా అన్నది తెర పక్కన స్టిక్కరు మీద రాయండి. వేగం కొలిచే చిన్న చక్రానికి మన వెచ్చని నీళ్లలో వారం పది రోజులకే నాచు, గుల్లలు పడతాయి. రేవులో ఉన్నన్ని రోజులు దానిని బయటికి లాగి బిరడా పెట్టడమే మార్గం.

రాడార్ కొనగలిగితే 18 అంగుళాల సాలిడ్ స్టేట్ డోమ్ చాలు. పడవలను చూడటంకన్నా ముంచుకువస్తున్న గాలివానను పది మైళ్ల దూరంలోనే పసిగట్టి, ముందుగానే తెరచాప తగ్గించుకోవడానికి అది ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆటోపైలట్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉన్న పడవలో అది మూడో పెద్ద మనిషి కింద లెక్క. పడవ బరువుకు సరిపోతుందని కంపెనీ చెప్పే పరిమాణంకన్నా ఒక మెట్టు పైది తీసుకోండి, ఎందుకంటే వారు లెక్కించేది ఖాళీ పడవను. మీరు ఎక్కించేది నీళ్లు, బియ్యం, పుస్తకాలు, పచ్చడి జాడీలతో సహా. దాని దిక్సూచిని ఇనుముకు, స్పీకర్లకు, కరెంటు పారే లావు తీగలకు కనీసం మీటరు దూరంలో అమర్చండి. కూరగాయల డబ్బాల వెనుక అమర్చినప్పుడు, తరువాత అక్కడికి ఇనుప మూకుడు చేరకుండా చూసుకోవాలి. మా పడవ ఒకసారి నేరుగా పోతూ పోతూ 15 డిగ్రీలు పక్కకు తిరిగితే కారణం ఆ మూకుడే. మోటారు బెల్టు, బ్రష్‌లు విడిగా దగ్గర పెట్టుకోండి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చిన నౌకాదళ మహిళా అధికారుల పడవ ‘తారిణి’లో హైదరాబాద్‌కు చెందిన బి. ఐశ్వర్య, విశాఖకు చెందిన పి. స్వాతి ఉన్నారు. ఆ పడవ కూడా చుక్కాని యంత్రాంగంలో లోపం వచ్చి మారిషస్‌లో అనుకోకుండా ఆగవలసి వచ్చింది. చుక్కానికి ప్రత్యామ్నాయం ఏమిటో రేవులో ఉన్నప్పుడే చేసి చూడాలి.

ఉపగ్రహం, చట్టం, వాతావరణం

విదేశీ నావికులు రాసే సలహాలను యథాతథంగా పాటిస్తే మనవారు చిక్కుల్లో పడే చోటు ఇది. టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో, మన జలాల్లో థురయా, ఇరిడియం ఉపగ్రహ ఫోన్లు వాడటం నేరం. అరచేతిలో ఇమిడే ఉపగ్రహ సందేశ పరికరాలకు కూడా ఇదే వర్తిస్తుంది. వాటిని సంచిలో పెట్టుకుని విమానాశ్రయాల్లో పట్టుబడిన విదేశీ యాత్రికుల వార్తలు పత్రికల్లో వచ్చాయి. బీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా లైసెన్సుతో ఇచ్చే ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహ ఫోన్ సేవ ఉంది, మొదట దానికి దరఖాస్తు చేయండి. ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్ విదేశంలో కొన్నా, భారత జలాల్లోకి వచ్చే ముందు అప్పటికి అమలులో ఉన్న నియమాలు చూసుకుని, అనుమతి లేకపోతే తీగ పీకి, కస్టమ్స్ వారికి ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఈపర్బ్ గురించి భయపడనక్కర లేదు, అది ప్రాణరక్షణ పరికరం.

దూర సముద్రంలో ఖర్చు లేకుండా మాట్లాడుకునే పాత మార్గం హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని వాడే ఔత్సాహికుల రేడియో. దాని లైసెన్సు పరీక్షకు శిక్షణ ఇచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మన హైదరాబాద్‌లోనే, రాజ్‌భవన్ రోడ్డులో ఉంది. పరీక్ష రాయడం, లైసెన్సు రావడం సమయం తీసుకుంటాయి కాబట్టి పడవ కొనకముందే మొదలుపెట్టినా తొందరపడినట్లు కాదు.

సముద్రం లేని హైదరాబాద్ నుంచే దేశంలోని జాలర్లందరికీ అలల ఎత్తు, ప్రవాహాల సమాచారం వెళుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) సముద్ర స్థితి సూచనలు ఇస్తుంది, 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అక్కడే ఉంది. బయలుదేరడానికి నెల ముందు నుంచి ప్రతి ఉదయం ఆ సూచనలను, వాతావరణ శాఖ తుఫాను బులెటిన్లను, మీరు వాడబోయే గ్రిబ్ ఫైళ్లను (గాలి, అలల అంచనాలుండే చిన్న కంప్యూటర్ ఫైళ్లు) పక్కపక్కన పెట్టుకుని చదవండి. బంగాళాఖాతంలో ఏప్రిల్, మే నెలలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల కాలం. ఏ యాప్ ఎంత బాగున్నా ఆ నెలల్లో పిల్లలతో దాటే ఆలోచన చేయవద్దు.

డైనింగ్ టేబుల్ మీద

పరికరాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి ఎన్‌ఎంఈఏ 2000 అనే కేబుల్ వ్యవస్థ. మధ్యలో ఒక వెన్నెముక తీగ, దాని నుంచి ప్రతి పరికరానికీ ‘టీ’ ముక్క ద్వారా ఒక కొమ్మ ఉంటాయి. కొమ్మ 6 మీటర్లు మించకూడదు, వెన్నెముకకు రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేటర్లు (తీగ చివర బిగించే నిరోధకాలు) తప్పక ఉండాలి, కరెంటు దానికి ఒక్క చోటే, విడి స్విచ్ ద్వారా అందాలి. వెన్నెముకను టేబుల్ మీద పరచి, ఒక్కొక్క పరికరం కలిపి, ప్రతిసారీ తెర మీద అంకెలు వస్తున్నాయో చూడండి. ఈ పని పిల్లల చేత చేయించవచ్చు, వారికి బొమ్మ రైలు పట్టాలు బిగించినట్లే ఉంటుంది.

మాకు ఇంట్లో అంతా చక్కగా పనిచేసింది. కొచ్చిలో పడవలో పొడవు తీగలతో బిగించాక మాత్రం ప్రతి పది నిమిషాలకు గాలి మీటరు మాయమయ్యేది, లోతు అంకె గీతలుగా మారేది. రెండు రోజులు ప్లాటర్‌ను తిట్టుకున్నాక కరెంటు ఆపి, ఒక కొమ్మ చివర మల్టీమీటరు పెట్టి కొలిస్తే 60 ఓమ్‌లు చూపవలసిన చోట 120 చూపింది. రెండో టెర్మినేటర్ లేదు. అది సికింద్రాబాద్‌లో మా టేబుల్ సొరుగులో, ఊరగాయ గరిటెల మధ్య ఉండిపోయింది. టేబుల్ మీది పొట్టి తీగలతో ఒక్క టెర్మినేటర్ చాలినట్లు కనిపిస్తుంది, పడవ పొడవుకు అది చాలదు. కరెంటు ఆపి 60 ఓమ్‌లు కొలిచే పనిని ఇంట్లో ఒకసారి, పడవలో ఒకసారి చేయండి.

రేడియో కూడా ఇంట్లోనే నేర్పించాలి. ప్రసారం చేయకుండా, మైకు చేతికిచ్చి మాటలు మాత్రం పలికించండి. మా రేడియో పక్కన అట్టముక్క మీద తెలుగులో రాసి అతికించినది ఇది: ‘ఎర్ర మూత తెరువు. బటన్ నొక్కి పట్టుకో, అలారం మోగేదాకా వదలకు. 16 నొక్కు. మేడే, మేడే, మేడే. పడవ పేరు మూడు సార్లు. తెర మీది అంకెలు చదువు. ఏమైంది, ఎంతమందిమి, చెప్పు. బటన్ వదిలి విను.’ పదకొండేళ్ల మా అమ్మాయి మొదటిసారి అన్నీ సరిగ్గా చెప్పి, చివర బటన్ వదలడం మరిచిపోయింది. వదలకపోతే జవాబు వినిపించదు. ఆ చివరి వాక్యాన్ని ఆ రోజే చేర్చాము.

రేవులో, తరువాత లంగరు మీద

పడవలో అమర్చడం పూర్తయ్యాక మూడు పరీక్షలు చేయండి. మొదటిది, లంగరు వేసి, తీరం కరెంటు లేకుండా 24 గంటలు సముద్రంలో ఉన్నట్లే అన్నీ నడిపించి, బ్యాటరీ మానిటర్ అంకెలను మీ నోటు పుస్తకంతో పోల్చడం. మా ఫ్రిజ్‌కు 60 అని రాసుకున్నాము, 78 తేలింది. తలుపు రబ్బరు మార్చి, చల్లటి నీళ్లకు విడిగా ఫ్లాస్కు పెట్టి, పిల్లలు తలుపు తెరవడం తగ్గించాక 66కు దిగింది.

రెండోది, పగటిపూట తీరానికి దగ్గరలో ప్రయాణిస్తూ ప్రధాన స్విచ్‌ను చెప్పకుండా ఆపివేయడం. ఎవరు చుక్కాని పట్టుకున్నారు, ఎవరు చేతి జీపీఎస్ తీశారు, ఎన్ని నిమిషాలకు పటం మీద మీ చోటు గుర్తు పెట్టారు అన్నది రాసుకోండి. పిడుగు పడినా జరిగేది ఇదే. ఉరుములు దగ్గరపడుతున్నప్పుడు చేతి జీపీఎస్‌ను, చేతి వీహెచ్‌ఎఫ్‌ను, ఒక పాత ఫోన్‌ను వంట ఓవెన్‌లో పెట్టడం నావికుల అలవాటు; చుట్టూ లోహం ఉంటే లోపలి పరికరానికి కొంత రక్షణ దొరుకుతుంది. ఓవెన్ లేని మా పడవలో వాటిని ప్రెషర్ కుక్కర్‌లో పెడతాము. మూతకు రబ్బరు ఉంటుంది కనుక పూర్తి రక్షణ అనుకోలేము, ఉన్నంతలో అదే నయం. స్టవ్ వెలిగించే ముందు మూత తీసి చూసే బాధ్యత వంట చేసేవారిది.

మూడోది, ఒక పూర్తి రాత్రి తీరానికి దూరంగా ప్రయాణం. తెరల వెలుతురును కనిష్ఠానికి తగ్గించండి, లేకపోతే వల దీపాలు కంటికి ఆనవు. ఏఐఎస్ అలారాన్ని, ఏదైనా ఓడ 20 నిమిషాల్లో 2 మైళ్ల లోపుకు రాబోతుంటే మోగేలా పెట్టి చూడండి. ఓడల దారి దగ్గర అది ఆగకుండా మోగి నిద్ర పాడుచేస్తే దూరాన్ని కొద్దికొద్దిగా తగ్గించండి, పూర్తిగా మాత్రం ఆపకండి. తెల్లవారాక తెరిచి చూడగలిగిన ప్రతి కనెక్టరునూ తెరిచి, తడి కనిపిస్తే దాని అంకెను పుస్తకంలో గుర్తు పెట్టి, తుడిచి ఆరబెట్టి, సిలికాన్ గ్రీజు రాసి మళ్లీ బిగించండి. మాకు ఆ ఉదయం తడి కనిపించినవి 9, 14, 22 నంబర్లు. మూడూ కాక్‌పిట్ సీటు కిందివే కావడంతో, ఆ సీటు మూత రబ్బరు మార్చేదాకా మేము పొడవు ప్రయాణానికి తేదీ పెట్టుకోలేదు.